డబ్బా ఫోటోలో మా ఆయన

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ మా ఇంట్లో చాయ్ తాగుతూ గోడ మీదికి చూసింది. "ఏందమ్మా, గా ఫోటోల నీళ్ళు జొచ్చినయా? ఒక పక్క మొత్తం కారిపోయింది" అంది. నేను చేతిలోని సాసర్ కింద పెట్టాను. నీళ్ళు జొరబడలేదు, చెద పట్టలేదు, పొగ చూరలేదు. అది మా ఆయన. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు. గ్యాస్ బండ తెచ్చేవాడికి చెప్పాను, ఓటర్ల లిస్టు పట్టుకుని వచ్చిన టీచరమ్మకు చెప్పాను, ఫ్యాను బాగుచేయడానికి స్టూలెక్కిన మనిషికి కింద నిలబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాళ్ళు ఒకసారి ఫోటోను చూస్తారు, ఒకసారి నన్ను చూస్తారు. నన్ను చూసే చూపులో జాలి ఉంటుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకే ఇవాళ కోడలిని కూర్చోబెట్టి, నేను చెబుతాను నువ్వు రాయి అన్నాను. నాకు వచ్చిన చదువు సంతకం దాకానే. ఇకమీదట ఎవరైనా అడిగితే ఈ కాగితం చేతికిస్తాను, నా గొంతుకు కాస్త విశ్రాంతి.

మేమిద్దరం కలిసి ఉన్న ఫోటో ఈ భూమ్మీద ఇదొక్కటే. పెళ్ళినాడు ఫోటోలు తీసేవాడిని పిలిచే స్థోమత మా అత్తగారింట్లో లేదు, మా ఇంట్లో అంతకన్నా లేదు. తరువాత సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ, కొడుకు ఫోన్ పైకెత్తేసరికి ఆయన ఎప్పుడూ పక్కకు జరిగిపోయి ఉండేవాడు. ఇక మిగిలిన ఈ ఒక్క ఫోటో ఎలాంటిదో చెబుతాను. రంగుల్లేవు, నలుపూ తెలుపూ. నాలుగు మూలలూ మసిగుడ్డతో తుడిచినట్టు నల్లగా ఉంటాయి. కృష్ణ ఒడ్డున రేవు మెట్లు నిజానికి తిన్నగానే ఉంటాయి, ఇందులో మాత్రం విల్లులా వంగి ఉంటాయి. నదిలో అలలు లేవు. ఆరేసిన తెల్ల పంచెలా ఒకటే చదునుగా పరుచుకుని ఉంటుంది. ఊగుతున్న పడవకు రెండు అంచులు, మూడు అంచులు. పడవ కోసం మెట్ల మీద కూర్చున్న ఇద్దరు ముసలమ్మలకు ముఖాలు ఉండాల్సిన చోట రెండు తెల్లటి అట్లు. మధ్యలో బండ మీద నేను, తల మీద కొంగు, ఒళ్ళో చేతులు, ముక్కుపుల్లతో సహా స్పష్టంగా ఉంటాను. నా కుడిపక్కన, మనిషి కూర్చోవలసిన చోట, ఒక పలచటి మసక. మరో మసక నా ఎడమ భుజం పైన తేలుతూ ఉంటుంది. అందరూ మరక అనేది దాన్నే.

మా ఆయన నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో హమాలీ. మాది కట్టంగూర్. తెల్లవారుతూనే ఆటో ఎక్కి వెళ్ళేవాడు, పొద్దు వాలాక వచ్చేవాడు. చొక్కా, తువ్వాలు, అరచేతులు, చెవుల వెనక కూడా నిమ్మకాయ వాసన. కొత్త పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు ఆ వాసన ఎంత బాగుందో అనుకున్నాను. అన్నేళ్ళు ఆ చొక్కాలు ఉతికిన తరువాత అడిగితే వేరే మాట చెబుతాను. ఆయనకు ఒక్క నిమిషం కుదురుండేది కాదు. సగం అన్నం తిని లేచి, మేకకు నీళ్ళు పెట్టి వచ్చి, మిగతా సగం తినేవాడు. చర్చిలో పాస్టరయ్య వాక్యం చెబుతుంటే ఈయన వెనకాల కుర్చీలు సర్దేవాడు. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తల పట్టడం చేతకాదు, ఇంటి చూరు సరిచేస్తూ పైనుంచి "ఎట్లున్నదే?" అని అరిచేవాడు. ఆధార్ కార్డుకు ఫోటో దిగినప్పుడు తీసే అతను విసిగిపోయి "పెద్దాయనా, జర ఊపిరి పీల్చుడు బంద్ పెట్టరాదు" అన్నాడు. నాలుగోసారికి కుదిరిన ఆ ఫోటోలో మా ఆయన సంచీతో సహా దొరికిపోయిన దొంగలా ఉంటాడు. ఆ ముఖం చూసి ఆయన ఎలాంటివాడో ఊహించుకునేవాళ్ళకు ఒక నమస్కారం.

జిల్లాలు చీల్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో కొల్లాపూర్‌లో మా అక్క బిడ్డ పెళ్ళయింది. మూడు బస్సులు మారి వెళ్ళాం. అక్క కనబడ్డవాళ్ళందరితో "మాది ఇగ పాలమూరు జిల్లా కాదు, నాగర్‌కర్నూలు" అని చెప్పేది, అదేదో తాను కొత్తగా కట్టుకున్న ఇల్లయినట్టు. పెళ్ళయిన మర్నాడు మామిడిపండ్లు తిని, చేతులు కడుక్కుంటూ ఆయన "గింత దూరమొచ్చినం, కృష్ణ సూసి పోదం" అన్నాడు. నేను నోరు తెరిచాను. పని లేకుండా, పెళ్ళి లేకుండా, చావు లేకుండా మేమిద్దరం ఒక చోటికి వెళ్ళడం అదే మొదలు, అదే ఆఖరు. ఆటోలో వెళ్ళాం. ముఖానికి వేడిగాలి, దగ్గర పడుతున్నకొద్దీ చేపలు వేయించే నూనె వాసన. మెట్ల మీదికి వచ్చి అంత నీళ్ళు చూడగానే నాకు సంతోషం కలగాలి గదా, కోపం వచ్చింది. ఇంత నీళ్ళు ఇక్కడ పెట్టుకుని నా పళ్ళు పచ్చబడి పాడయ్యేదాకా ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగించారా అని నదిని కూడా నాలుగు మాటలు అన్నాను. ఆయన నవ్వాడు. "పాపం, గది ఏం జేసిందే?" అన్నాడు.

అక్కడే ఆ పిల్ల కనబడింది. ప్యాంటు, మెడలో తువ్వాలు, ఎండకు మాడిన ముఖం. పట్నం నుంచి ఒంటరిగా బస్సులు ఎక్కుతూ దిగుతూ కృష్ణ వెంట తిరుగుతోందట. ఫోటోలు తీస్తుందట. కానీ చేతిలో కెమెరా లేదు. బిస్కెట్ల రేకు డబ్బా ఉంది, దానికి నల్లరంగు పూసి ఉంది, ఒక పక్కన చిన్న టేపు ముక్క అంటించి ఉంది. "ఆంటీ, మీ ఇద్దరిది ఒక్క ఫోటో తీస్కుంట" అంది.

"దేంతోని?" అన్నాను.

"గీ డబ్బాతోనే."

మా ఆయన అప్పటికే డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు. "అద్దం ఏది బిడ్డా? మీట ఏది?"

"అద్దం లేదంకుల్. సూదితోని పొడిచిన బొక్క ఉంటది. అందులకెల్లి ఎల్తురు లోపలి కాయితం మీద పడ్తది. మీట లేదు, గీ టేపు తీస్తే సురువు, మల్ల అంటిస్తే కతం. రెండున్నర నిమిషాలు కదలకుండ కూసోవాలె, గంతే."

నాకు నవ్వాగలేదు. "ఈయననా? బిడ్డా, ముందుగాల గా నదిని కూసోపెట్టు. గది సులువు" అన్నాను.

ఆయనకు రోషం వచ్చింది. బండ మీద నా కుడిపక్కన వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల డబ్బాను రాళ్ళ మధ్య ఆనించి, "ఎవ్వరు మెదలొద్దు" అని టేపు తీసింది. ఎడమ నుంచి ఎండ కంట్లో పొడుస్తోంది. నేను కళ్ళు చికిలించి డబ్బానే చూస్తున్నాను. మనసులో ఒక మాట అనుకున్నాను, అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఈయన నా పక్కన ఊరికే కూర్చున్నాడు అనుకున్నాను. అలా అనుకున్నంతసేపు కూడా పట్టలేదు. కింద పడవలోకి ఎవరో బస్తాలు ఎత్తుతున్నారు. బండ మీద బరువు తగ్గినట్టు తెలిసింది. మరుక్షణం కిందనుంచి ఆయన గొంతు. "అరె తమ్మీ, గట్ల కాదురా, నడుం ఇరుగుతది. కిందికెల్లి పట్టు."

నేను కదలలేదు. కదలొద్దంది గదా ఆ పిల్ల. పళ్ళు కొరుక్కుంటూ ఒక్కదాన్నే కూర్చున్నాను. "అయిపోయింది" అనగానే తిన్నగా డబ్బా దగ్గరికి నడిచి, "కరాబైంది గద?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వు ముఖంతో, "ఏం కరాబ్ కాలే ఆంటీ. నిలవడ్డది నిలవడ్డట్టొస్తది, కదిలింది కదిలినట్టొస్తది. నాకు కావాల్సింది గదే" అంది. నాకు కావాల్సింది మాత్రం అది కాదు. వెనక్కి తిరిగేసరికి ఆయన పడవ దగ్గర రెండో బస్తా భుజానికెత్తుతున్నాడు.

బస్సులో కల్వకుర్తి దాకా తిట్టాను. కల్వకుర్తిలో బస్సు మారి దేవరకొండ దాకా తిట్టాను. "రెండున్నర నిమిషాలు. పెండ్లాం పక్కన కూసునేందుకు నీకు గంత బరువైందా? ఎవనిదో బస్తా, దాని మీదున్న పానం నా మీద లేకపాయె. నేను గా బండ మీద దిక్కులేనిదాని లెక్క కూసున్న." ముందు సీటు ఆమె వెనక్కి తిరిగి మరీ విన్నది. ఆయన అంతా విన్నాడు. విని, జేబులోంచి పొట్లం తీసి, "పల్లికాయలు తింటవా?" అన్నాడు. అలాంటి మనిషితో ఎలా పోట్లాడతారు? నల్గొండ బస్టాండులో దిగేదాకా ఇక మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా తిట్టే.

వానాకాలంలో, ఆ పిల్ల రాసుకుపోయిన అడ్రసుకు, పోస్టులో ఫోటో వచ్చింది, రెండు అట్టల మధ్య, చేటంత పెద్దది. కూడా ఒక ఉత్తరం. కొడుకు చదివి వినిపించాడు. పట్నంలో ఫోటోలన్నీ గోడలకు పెట్టి జనాన్ని పిలిచారట, ఈ ఫోటో ముందే ఎక్కువమంది ఆగి చూశారట. ఏం చూశారు? నా పక్కన మా ఆయన లేకపోవడం చూడడానికి పట్నం జనం చెప్పులు విడిచి నిలబడ్డారా అని నేను గొణిగాను. ఆయన మాత్రం ఫోటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ముసిముసిగా నవ్వాడు. "మంచిగొచ్చిన" అన్నాడు.

"ఏడొచ్చినవయ్యా?"

"ఉన్న గద" అని, మేకు వెతకడానికి లేచిపోయాడు. తానే ఫ్రేము కట్టించాడు, తానే గోడకు కొట్టాడు. నేను ఏళ్ళ తరబడి ఆ ఫోటో కింద నుంచే చీపురు పట్టుకుని తిరిగాను. దాని వైపు చూసినప్పుడల్లా ఆ బండ మీది ఎండే గుర్తుకొచ్చేది, ఆ రోజు కోపం రోజూ కాస్త వేడి చేసుకుని తాగినట్టుండేది.

పోయినేడు ఎండాకాలంలో, మార్కెట్లోనే, లారీ నిండేదాకా మోసి, చాయ్ గ్లాసు చేతికి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. దవాఖానకు తీసుకెళ్ళే లోపే అయిపోయింది. ఆయనతో పనిచేసేవాళ్ళు వచ్చి "కూసున్నడు పెద్దమ్మా, ఊకె కూసున్నడు" అని చెబుతుంటే, అప్పుడే నాకు అర్థమైంది. మా ఆయన కూర్చున్నాడంటేనే ఏదో అయిందని.

ఏడాది నిండితే మా చర్చివాళ్ళం పోయినవాళ్ళ పేరున ప్రార్థన, భోజనాలు పెట్టుకుంటాం, జ్ఞాపకార్థ కూడిక అంటాం. ఈమధ్య దానికి ముందు ఊరి మలుపులో ఫ్లెక్సీ కట్టడం కూడా రివాజు అయింది. పోయినవాళ్ళ ముఖం పెద్దదిగా, పక్కన పావురాలు, కింద కొడుకులూ కోడళ్ళ పేర్లు. మా కొడుకు ఆధార్ ఫోటో పెడతానన్నాడు. "గా దొంగ మొకం పెడితే నేను మలుపు దాకా రాను" అన్నాను. మరి ఏది పెట్టాలి అన్నాడు. గోడ మీదిది చూపించాను. ఇద్దరమున్నది అదొక్కటే, ఉన్నంతలో ఆయన్ని బయటికి తీయమను అన్నాను. వాడు ఫ్రేము విప్పి ఫోటోను నకిరేకల్‌లో ఒక స్టూడియోకు తీసుకెళ్ళి, "అన్నా, గీ ఫోటోను జర సాఫ్ చేసి, రంగులేసి, మనిషి మంచిగ కనబడేటట్టు చెయ్యి" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎవరు మనిషో చెప్పలేదు. ఆ స్టూడియో అతనికి కనబడ్డ మనిషి ఒక్కరే గదా.

కూడిక రోజు పొద్దున ఫ్లెక్సీ నేరుగా మలుపుకే వెళ్ళింది, ఇంటికి రాలేదు. నేను వెనకింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. వీధి మొదట్లో ఏడుపు వినబడింది. మా అక్క గొంతు. ఆయన కోసం ఇంతగా ఏడుస్తోందా అని నాకు కూడా కళ్ళు తడిశాయి, ఉల్లిగడ్డలు సగం, అక్క సగం. గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి వచ్చి, "నా చెల్లే, ఒక్క ఫోనన్న చెయ్యకపోతిరి" అంటూ నన్ను చూసి ఆగిపోయింది. కత్తిపీట ముందు నేను.

"నువ్వు బతికే ఉన్నవానే?" అంది.

"మరెవరు సచ్చిన్రనుకున్నవ్?"

"గా మలుపుల నీ ఫోటోకు దండేసిన్రు గదనే!"

కత్తిపీట దాటి అలాగే నడిచాను. నిజమే. ఊరి మలుపులో రెండు కర్రల మధ్య నేను. నేను ఎన్నడూ కట్టని గులాబీరంగు చీర. పెదవులకు రంగు. చుట్టూ పూలదండ, పైన రెక్కలున్న దేవదూత, కింద మా ఆయన పేరు. వెనకాల నీలం రంగు నది, అలలతో సహా. బండ మీద నా పక్కన శుభ్రంగా కడిగిన మెట్లు. భుజం పైన ఏమీ లేదు. ఒక్క పొగ చుక్క కూడా మిగల్చకుండా తుడిచేశాడు. దారిన పోయే ఆటో అతను ఫ్లెక్సీని చూసి, నన్ను చూసి, బండిని కాస్త దూరం జరిపి పోనిచ్చాడు. జనం నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. బతికినన్నాళ్ళు పక్కన కూర్చోనివాణ్ణి, చచ్చాక ఆ మసక కూడా లేకుండా చేశారు. కూడిక చివరికి ఆధార్ ముఖంతోనే జరిగింది.

మర్నాడు ఒక్కదాన్నే నకిరేకల్ వెళ్ళాను. స్టూడియో అతను కంప్యూటర్ ముందు ఉన్నాడు. ఫ్లెక్సీ సంగతి తరువాత, ముందు నా ఫోటో ఇయ్యి అన్నాను.

"ఏది పెద్దమ్మా? గా మరకల ఫోటోనా? యాడనో ఉంటది. రేపు రా."

"రేపు రాను. ఇయ్యాల్నే కావాలె."

పాస్‌పోర్ట్ ఫోటోలకు వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు ఒకటి ఉంది, తెల్ల పరదా ముందు. దాని మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, గిరాకీ నిలవడ్డది, జర లే" అన్నాడు. లేవలేదు. కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి నిలబడ్డారు, పోయారు. మా ఇంట్లో కదలకుండా కూర్చోవడం ఎవరికి వచ్చో ఆ రోజు ఆ స్టూడియో అతనికి తెలిసింది. చివరికి లామినేషన్ మిషను పక్కన చిత్తుకాగితాల కుప్పలో వెతికి తెచ్చాడు. ఒక మూల మడత పడింది. నా చేతికిస్తూ ఊరుకున్నా బాగుండేది. "మరకలే తీసిన పెద్దమ్మా. మనిషి ఉంటే నేనెందుకు తీస్త? నువ్వే సూడు" అని, కంప్యూటర్లో ఉన్న పాత ఫోటోను తెరిచి పెద్దది చేశాడు. నా ముఖం గోడంత అయింది. భుజం పైన మసకను ఇంకా పెద్దది చేశాడు. "ఏడున్నడు? గిది నల్లగ, టార్పాలిన్. గిది గాలికి కదిలిన నీడ. గిది..." అంటూ కిందికి జరిపాడు. అక్కడ ఆగిపోయాడు.

నా ఎడమ పక్కన, కాస్త వెనగ్గా, పై మెట్టు మీద రెండు పాదాలు. మెట్టు తెల్లగా ఉంది, పాదాలు నల్లగా, గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. కుడి బొటనవేలు పక్కకు తిరిగి పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. లారీ తలుపు పడి విరిగితే దవాఖానకు పోకుండా తానే గుడ్డ చుట్టుకున్న వేలు అది. వెయ్యి పాదాల్లో పెట్టినా నేను ఆ వేలిని గుర్తుపడతాను. ఆయన వేసుకున్నది నల్ల చొక్కా, వెనకాల చేపల కొట్టుకు కట్టిన నల్ల టార్పాలిన్. ఒళ్ళంతా అందులో కలిసిపోయింది. తల మాత్రం అటూ ఇటూ ఊగి మరక అయింది.

స్టూడియో అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అతనికి తన పని తెలుసు, కాదనను. "పెద్దమ్మా, గీయన చానసేపు నిలవడ్డడు. గందుకే పాదాలు గింత సాఫ్‌గ వచ్చినయి" అన్నాడు. మళ్ళీ నా ముఖం దగ్గరికి వెళ్ళాడు. "గా ముసలోళ్ళ మొకాలు సూడు, ఎండ పడి కాలిపోయినయి. నీ మొకమొక్కటే మంచిగొచ్చింది. ఎండకు అడ్డం నిలవడ్డడు. గిది ఆయిన నీడ."

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నప్పుడు, మధ్యలో ముఖం చల్లబడింది. మబ్బు పట్టిందనుకున్నాను. మబ్బుకున్న బుద్ధి కూడా మా ఆయనకు లేదని అనుకున్నాను.

"పాదాలొక్కటే పెద్దగ చేసియ్యాల్నా?" అని అతను మెల్లగా అడిగాడు. వద్దన్నాను. ఉన్నది ఉన్నట్టే ఉండనీ అన్నాను. తిరిగి వచ్చి అదే ఫ్రేములో పెట్టి అదే మేకుకు తగిలించాను. పాస్టరమ్మకు మొన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ పాదాలు చూపిస్తే, కళ్ళద్దాలు సవరించుకుని, "రాళ్ళేమో అనుకున్ననమ్మా" అంది. ఆమె తప్పు లేదు. ఇంట్లో ఉండి నేనే ఇన్నేళ్ళు రాళ్ళనుకున్నాను.

నా కోపం చల్లారిందనుకుంటే పొరపాటు. ఇంకా ఎక్కువైంది. దేవరకొండ దాకా తిట్టించుకున్నాడు గదా, ఒక్క మాట చెబితే ఏం పోయేది? బస్తా ఎత్తించి వచ్చిన, నీ పక్కనే నిలవడ్డ అని నోరు తెరిచి అంటే పల్లికాయలు అరిగిపోయేవా? ఆ మాట అనని మనిషిని ఇప్పుడు ఎక్కడని పట్టుకుని అడగను? రాత్రి పగలు గోడ వైపు తిరిగి నేనే అడుగుతున్నాను, నేనే జవాబు చెప్పుకుంటున్నాను. కోడలు రాయడం ఆపి నా ముఖం చూస్తోంది. రాయి తల్లీ, ఇదొక్కటే మిగిలింది. ఆ రోజు ఆ పిల్ల కదలొద్దంది కాబట్టి నేను తల తిప్పలేదు. తల తిప్పి చూడడానికి ఆ తరువాత దేవుడు మాకు చాలా ఏళ్ళే ఇచ్చాడు. అవన్నీ నేను ఆయన్ని కుదురుగా కూర్చోమని అరవడంలోనే గడిపేశాను.